పాఠశాలకు కంప్యూటర్లు కొనుట: వెల యొకటి, ఖర్చు మరియొకటి

గత విద్యాసంవత్సరాంతమున జరిగిన తల్లిదండ్రుల సభలో ఒక తల్లి లేచి యిట్లడిగినది: "సారూ, మా గల్లీల ఉన్న ఇంగ్లీషు బడిల గోడంత తెర పెట్టిండ్రు. వేలు పెడితే బొమ్మలు కదులుతయట. మన బడిల ఎప్పుడు పెడతరు?" ఆమె మాటలో నిష్ఠూరము లేదు, భయమున్నది. ఆ తెర లేనందున తన బిడ్డ వెనుకబడునేమో యను భయమది. అట్టి భయముచేతనే మన తల్లిదండ్రులలో కొందఱు పిల్లలను తెలుగు బడి మాన్పించి వేఱు బడులకు పంపుచున్నారు. ఆ దినమున నేను తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిని. ఆ సమాధానమే ఈ వ్యాసము.

షోలాపురములోని మన తెలుగువారిలో పెక్కుమంది పెద్దలు మగ్గమును నమ్ముకొని బ్రతికినవారు. మరమగ్గము కొనువాడు దాని వెల మాత్రమే అడిగి యూరకుండడు. అది కరెంటు ఎంత తినును, విడిభాగములు ఎచ్చట దొరకును, చెడిపోయినచో బాగుచేయు మేస్త్రీ ఊరిలో ఉన్నాడా, దానిమీద నేసిన గుడ్డకు గిరాకి యుండునా అని నాలుగు విధముల విచారించును. బడికి కంప్యూటరు కొనునపుడును అడుగవలసిన ప్రశ్నలివియే. అవి అడుగకపోవుటచే కలిగిన నష్టమును ఒకదానిని నేను స్వయముగా తెచ్చిపెట్టితిని గనుక, ముందుగా దానిని చెప్పుట ధర్మము.

చదువక చేసిన సంతకము

సుమారు పది సంవత్సరముల క్రిందట ఒక కంపెనీ ప్రతినిధి మన బడికి వచ్చెను. ముందుగా ఒక్క పైసయు ఇయ్యనక్కఱలేదనియు, నాలుగు తరగతి గదులలో తెరలు తామే అమర్చెదమనియు, విద్యార్థి యొక్కనికి నెలకు ఇంత చొప్పున ఐదేండ్లు చెల్లించిన చాలుననియు చెప్పెను. సులభముగా వచ్చుచున్నదిగదా యని సంతోషించి సంతకము చేసితిని. తెరలు వచ్చినవి. వానిలోని పాఠములు ఇంగ్లీషులోను హిందీలోను ఉండెను. తెలుగున ఒక్కటియు లేదు. అడిగినప్పుడెల్ల "త్వరలో వచ్చును" అనిరి; రాలేదు. ఉపాధ్యాయులు రెండు మాసములు వాడి మానివేసిరి. పిల్లల సంఖ్య తగ్గినను ఒడంబడికలో వ్రాసిన కనీసపు మొత్తము తగ్గలేదు. మూడవ యేట మేము సొమ్ము నిలుపగా పాఠములకు తాళము పడెను. గోడకు తెరలు మాత్రము మిగిలినవి.

తప్పంతయు కంపెనీ మీద త్రోయుట సులభము. కాని ఆ షరతులన్నియు కాగితము మీద వ్రాసియే యుండెను. వానిని చదువక సంతకము చేసినవాడను నేను.

పనిముట్టు వేఱు, పాఠము వేఱు

అంగడిలో బడులకు అమ్మునవి రెండు విధములు. కంప్యూటరు, ప్రింటరు, తెర మొదలగునవి పనిముట్లు. తెరమీద చూపుటకై సిద్ధము చేసి యమ్మునవి పాఠములు. వ్యాపారులు తఱచుగా ఈ రెంటిని ఒకే మూటగా కట్టి అమ్ముదురు. పెద్ద ఇంగ్లీషు బడికి ఆ మూట కొంతవఱకు ఉపయోగపడవచ్చును. మన బడికి పడదు. మనము బోధించునది తెలుగులో. అనుసరించునది మహారాష్ట్ర పాఠ్యప్రణాళికను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులకై చేసిన పాఠములలో భాష మనదే గాని పాఠ్యక్రమము మనది కాదు. మహారాష్ట్ర బడులకై చేసినవానిలో పాఠ్యక్రమము మనదే గాని భాష మనది కాదు. ఈ రెండును కలిసిన బడులు చాల కొద్ది. వానికొఱకై వ్యాపారి పాఠములు తయారుచేయునని ఎదురుచూచుట వృథా. బళ్లారిలోను, హోసూరులోను, బరంపురములోను ఉన్న తెలుగు బడుల స్థితియు ఇట్టిదే.

కావున మనకు తగిన మార్గమొక్కటే: పనిముట్లను విచారించి కొనవలెను, పాఠములను ఉచితముగా లభించు చోట్లనుండి ఏరి, మన ఉపాధ్యాయులే మన పాఠ్యక్రమమునకు కూర్చుకొనవలెను.

ఉచిత వనరులకు కొదువ లేదు. ఈ రాష్ట్రపు పాఠ్యపుస్తక సంస్థయైన బాలభారతి తన పుస్తకములను ఇంటర్నెట్టులో ఉచితముగా ఉంచుచున్నది. భారత ప్రభుత్వము 2017లో ఆరంభించిన దీక్ష వేదికయందు అనేక భాషల పాఠములు గలవు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున నోబెల్ బహుమతి గ్రహీతయగు కార్ల్ వీమన్ 2002లో స్థాపించిన ఫెట్ అను సంస్థ, భౌతిక రసాయన శాస్త్రములకును గణితమునకును కదలుబొమ్మల ప్రయోగములను ఉచితముగా ఇచ్చుచున్నది. అందు కొన్నింటికి తెలుగు అనువాదములును ఉన్నవి. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరు సాయమున ఒక పర్యాయము కంప్యూటరులో నింపుకొన్నచో, తరువాత ఇంటర్నెట్టు లేకున్నను పిల్లలు చదువుకొనవచ్చును. ఇట్టివానిని ఒక కంప్యూటరులో నిలువచేసి తరగతులకు అందించినయెడల ఇంటర్నెట్టు ఖర్చును తగ్గును, మధ్యలో పాఠము తెగిపోవుటయు ఉండదు.

మొదట అవసరము, పిదప వస్తువు

కొనుటకు ముందు చేయవలసిన మొదటి పని అంగడికి పోవుట కాదు. కాగితము తీసికొని, ఏ తరగతికి, ఏ పనికి, వారమునకు ఎన్ని గంటలు కావలెనో వ్రాయుట.

ఒక లెక్క చూడుడు. పది తరగతులున్న బడిలో ఒక్కొక్క తరగతికి వారమునకు రెండు పీరియడ్లు తెరమీద పాఠము చూపవలెననుకొందము. మొత్తము ఇరువది పీరియడ్లు. వారమునకు సుమారు 45 పీరియడ్లు నడచును. అనగా ఒకే గదిలో ఒకే తెర అమర్చి, తరగతులను వంతులవారీగా అచ్చటికి పంపినచో చాలును; ఆ గదికి ఇంకను సగము తీరిక యుండును. పది గదులలో పది తెరలు కొనుట అవసరము కాదు, ఆడంబరము.

తెర పరిమాణమునకును ఒక సూత్రమున్నది. తరగతిలో అక్షరములు చదువవలసిన పాఠమునకు, చిట్టచివరి బెంచి తెర యెత్తునకు ఆరు రెట్లకు మించిన దూరమున ఉండరాదు. 55 అంగుళముల టీవీ యెత్తు సుమారు 68 సెంటీమీటర్లు. కావున అది నాలుగు మీటర్ల దూరమువఱకే పనికివచ్చును. 75 అంగుళముల దాని యెత్తు సుమారు 93 సెంటీమీటర్లు. అది ఐదున్నర మీటర్లవఱకు వచ్చును. టేపు పట్టి గది కొలిచిన పిమ్మటనే బేరమునకు పోవలెను. వేలితో తాకిన పనిచేయు తెరకు వెల యెక్కువ. ఉపాధ్యాయుడు దానిమీద వ్రాయు పని నిజముగా ఉన్నప్పుడే దానిని కొనవలెను. బొమ్మలు చూపుటయే పనియైనచో మామూలు పెద్ద టీవీయు, దానికొక చిన్న కంప్యూటరును చాలును.

కొన్న దినపు వెల, వాడిన దినముల ఖర్చు

వెలకును ఖర్చునకును గల భేదము ప్రింటరులో స్పష్టముగా కనబడును. ఒక ప్రింటరు వెల 5,000 రూపాయలనుకొందము. దాని సిరా డబ్బా 900 రూపాయలు. 150 పుటలు వచ్చును. మరియొక ప్రింటరు, సిరా తొట్టి గలది, 13,000 రూపాయలు. దాని సిరా సీసా 500 రూపాయలు. 4,500 పుటలు వచ్చును. మన ప్రశ్నపత్రములకును ఆఫీసు పనికిని ఏడాదికి 6,000 పుటలు కావలెననుకొన్నచో, మూడేండ్లకు 18,000 పుటలు. మొదటిదానికి 120 సిరా డబ్బాలు పట్టును. యంత్రపు వెలతో కలిపి 1,13,000 రూపాయలగును. రెండవదానికి నాలుగు సీసాలు చాలును. మొత్తము 15,000 రూపాయలు. అంగడిలో "చౌక" యనిపించినది మూడేండ్లలో ఏడు రెట్లకు పైగా ప్రియమైనది. ఈ వెలలు ఉదాహరణకు వేసికొన్నవి. వ్యాపారి నుండి నిజమైన అంకెలు తీసికొని ఇదే లెక్క ప్రతి వస్తువునకు వేయవలెను.

కరెంటు లెక్కయు అట్టిదే. తెరతో సహా 120 వాట్లు తీసికొను కంప్యూటర్లు పది, దినమునకు నాలుగు గంటల చొప్పున 220 దినములు నడచినచో 1,056 యూనిట్లు ఖర్చగును. అదే పని 40 వాట్ల ల్యాప్‌టాప్‌లతో జరిగినచో 352 యూనిట్లే. యూనిటు పది రూపాయలనుకొన్నను ఏటికి 7,000 రూపాయలకు పైగా మిగులును. మరియు ల్యాప్‌టాపునకు తన బ్యాటరీ తనకుండును. డెస్క్‌టాపునకు వేఱుగా యూపీఎస్ కావలెను, దాని బ్యాటరీలను కొన్నియేండ్ల కొకసారి మార్చవలెను.

మరియొక సంగతి. కంప్యూటర్లు, ప్రింటర్లు మొదలగువానిమీద జీఎస్టీ నూటికి 18. వ్యాపారి తాను కొన్నదానిమీద కట్టిన పన్నును అమ్మినదానిలో తగ్గించుకొనును. చదువు చెప్పుట పన్నులేని సేవ గనుక బడికి ఆ వెసులుబాటు లేదు. కట్టిన పన్ను ఖర్చే. కావున "పన్ను అదనము" అని వ్రాసిన కొటేషనును "పన్నుతో సహా" అని వ్రాసినదానితో పోల్చుట పొరపాటు.

సాఫ్ట్‌వేరు

కంప్యూటరు వెలలో కంటికి కనబడని భాగము సాఫ్ట్‌వేరు. దొంగ ప్రతులు వేయించుకొని సొమ్ము మిగిల్చితిమనుకొనువారున్నారు. అది చట్టవిరుద్ధము, వైరసులకు ద్వారము, అన్నిటికంటె ముఖ్యముగా, పిల్లలకు మనమే చూపు చెడు మార్గము. ఉచితముగా, న్యాయముగా లభించు లినక్స్, లిబ్రే ఆఫీస్ ఉండగా ఆ అవసరమేమి? లిబ్రే ఆఫీస్ మెనూలు తెలుగులోను లభించును. కేరళ ప్రభుత్వము 2001లో ఆరంభించిన ఐటీ ఎట్ స్కూల్ పథకము తరువాతి కాలమున స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు మారెను. నేడు కైట్ అను పేర నడచు ఆ సంస్థ అచ్చటి ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో దానినే వాడించుచున్నది. ఒక రాష్ట్రమంతటి బడులకు చాలినది మనకు చాలదా?

తెలుగు వ్రాతకు యూనికోడు ఫాంట్లనే వాడవలెను. వెనుకటి డీటీపీ ఫాంట్లలో కొట్టిన ప్రశ్నపత్రము ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెఱచినచో అర్థములేని గుర్తులుగా కనబడును. మండలి, రామభద్ర, సూరన్న మొదలగు యూనికోడు ఫాంట్లు ఉచితముగా దొరకుచున్నవి.

ఒకసారి వాడి బాగుచేసిన కంప్యూటర్లు కొనవచ్చునా? కొనవచ్చును, విచారించి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణముగా ఎనిమిదవ తరమో, అంతకు తరువాతిదో కావలెను. అందుచేత పాత కంప్యూటర్లు చౌకగా అంగడికి వచ్చుచున్నవి. వానిలో లినక్స్ వేసి, హార్డ్ డిస్కునకు బదులు ఎస్ఎస్‌డీ అమర్చినచో తెలుగు టైపు నేర్చుటకు, చదువుకొనుటకు చక్కగా పనిచేయును. కాని ఒక సంవత్సరపు వారంటీ వ్రాతపూర్వకముగా ఇయ్యని వానివద్ద కొనరాదు. కరెంటు లెక్కయు మఱువరాదు. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దానాలో తక్కువ ఉండదుగదా!

కొను పద్ధతి

అవసరపు పట్టిక సిద్ధమైన పిమ్మట కొనుగోలు ఈ విధముగా జరుగవలెను.

మొదటిది, కంపెనీ పేరు వ్రాయక గుణములు వ్రాయవలెను: ప్రాసెసరు ఏ తరము, మెమొరీ యెంత, తెర యెంత, వారంటీ యెన్నియేండ్లు. కనీసము ముగ్గురు వ్యాపారులకు ఒకే పట్టిక నిచ్చి, మూసిన కవరులలో కొటేషన్లు తెప్పించి, కమిటీ యెదుట తెఱువవలెను. కమిటీలోని వారి దుకాణముగాని, వారి బంధువుల దుకాణముగాని పోటీలో ఉన్నచో ఆ సభ్యుడు ఆ దినమున లేచి పోవలెను. ఇందు ఎవరినీ శంకించుట లేదు. శంకకు తావీయకుండుటయే ఉద్దేశము.

రెండవది, వెలలు సరిచూచుకొనవలెను. ప్రభుత్వ శాఖల కొనుగోళ్లకై 2016లో ఏర్పడిన జెమ్ అను ఇంటర్నెట్టు అంగడి మనకొఱకు ఏర్పడినది కాకున్నను, అందలి వెలలు చూచి బేరమునకు కొలబద్దగా వాడుకొనవచ్చును.

మూడవది, వారంటీ యెట్టిదో అడుగవలెను. చెడిన యంత్రమును మనమే పూణెకు పంపవలెనా, మనిషి బడికి వచ్చి బాగుచేయునా, ఎన్ని దినములలో వచ్చును? వెలలో వేయి రూపాయలు ఎక్కువైనను ఊరిలో బాగుచేయువాడున్న వస్తువే చౌక.

నాలుగవది, సొమ్మంతయు ముందుగా ఇయ్యరాదు. వస్తువులు వచ్చిన దినముననే పెట్టెలు విప్పి, సీరియల్ నంబర్లు వ్రాసికొని, పట్టికతో పోల్చి, భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు చూచి, నడిపి చూడవలెను. నూటికి పది రూపాయలు నెలదినములు నిలిపి యుంచుటకు వ్యాపారితో ముందే ఒప్పందము చేసికొనవలెను.

ఐదవది, కలిసి కొనవలెను. మన సంఘము వారి పాఠశాలలు, ఇరుగుపొరుగు అల్పసంఖ్యాక భాషల పాఠశాలలు ఒకే మాదిరి యంత్రములను ఒకేసారి కొన్నచో వెల తగ్గును. అంతకుమించిన లాభమేమనగా, ఒక బడికి తెప్పించిన విడిభాగము మరియొక బడికి పనికివచ్చును. ఒకే మేస్త్రీ అందఱికిని చాలును.

ఒడంబడికలు, దానములు

సేవలకు నెలనెల సొమ్ము చెల్లించు ఒడంబడికలలో నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాతలో ఉండవలెను. పాఠములు తెలుగులో నేడు ఉన్నవా? పిల్లల సంఖ్య తగ్గినచో సొమ్ము తగ్గునా? మధ్యలో మానుకొనవలెనన్న ఎన్ని దినముల నోటీసు చాలును? మానిన పిమ్మట మన మార్కుల పట్టికలు, మన ఉపాధ్యాయులు చేసిన పాఠములు మనకు తిరిగి వచ్చునా? నాడు ఈ నాలుగు ప్రశ్నలు నేను అడిగియున్నచో ఆ తెరలు గోడకు వచ్చియే యుండవు.

"ఉచితము" అని వచ్చు యాప్‌లతోను జాగ్రత్త వలయును. వానిలో కొన్ని పిల్లల పేర్లు, ఫోను నంబర్లు, ఫోటోలు అడుగును. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లలోపు వారిని బాలలుగా గణించి, వారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని విధించినది. మీ సమ్మతి లేక మీ బిడ్డ వివరములు బయటికి పోరాదు.

దానముల విషయము. 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వినియోగింపవలెను. అందు విద్యయు ఒకటి. అట్టి సొమ్ము పొందగోరు సంఘమునకు ఆదాయపు పన్ను చట్టము క్రింద రిజిస్ట్రేషనును, ఆడిటు అయిన లెక్కలును సరిగా ఉండవలెను. కావున లెక్కలు చక్కగా వ్రాసికొనుటయు ఒక ఆదాయమార్గమే. ఎవరైన పాత కంప్యూటర్లు దానమిచ్చిన, నడచుచున్నవానినే స్వీకరింపవలెను. పాడైనవానిని పాత ఇనుప సామానుల వానికి అమ్మరాదు. 2022 నాటి ఈ-వ్యర్థముల నియమములను బట్టి రిజిస్టరైన సంస్థకే ఇయ్యవలెను, ఇచ్చుటకు ముందు అందలి పిల్లల వివరములు పూర్తిగా తుడిచివేయవలెను.

తల్లిదండ్రులకు మనవి

ఎంత మంచి యంత్రమైనను వాడువారు లేనిచో దుమ్ము పట్టును. ఆ పాత తెరలే ఇందుకు సాక్ష్యము. అందుచే మన కొనుగోలు సొమ్ములో కొంత భాగమును ఉపాధ్యాయుల శిక్షణకై ముందుగా తీసి వేఱుంచవలెనని నా అభిప్రాయము. పాఠములు కూర్చువారు వారేగదా.

రాబోవు సంవత్సరమునకు నేను కమిటీ ముందుంచదలచిన ప్రతిపాదనలివి: ఒకే గదిలో ఒక పెద్ద తెర, తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు టైపు నేర్చుటకు లినక్స్ వేసిన పది కంప్యూటర్లు, సిరా తొట్టి గల ప్రింటరొకటి, ఉపాధ్యాయులు కూర్చిన పాఠములను నిలువచేయుటకు ఒక కంప్యూటరు. కొనుగోలు కమిటీలో ముగ్గురు తల్లిదండ్రులుండవలెను. అందు ఒక్కరైనను తల్లి కావలెను. వచ్చిన కొటేషన్లన్నియు నోటీసు బోర్డు మీద అంటింపబడును. మీలో విద్యుత్తు పని, కంప్యూటరు మరమ్మతు తెలిసినవారు మాసమునకు ఒక పూట బడికి ఇచ్చినయెడల మాకు ఎంతయో మేలుచేసినవారగుదురు.

ఆ దినమున ప్రశ్నించిన తల్లికి ఇపుడు చెప్పగలను: అమ్మా, మన బడికి తెర వచ్చును. అది పక్క బడిలోని దానికంటె చిన్నది కావచ్చును. కాని దానిమీద కనబడు పాఠము మీ బిడ్డ పుస్తకములోని పాఠమే, మీ బిడ్డ మాటలాడు భాషలోనే ఉండును. ఈ మారు ఒడంబడిక కాగితమును నేను మొదటినుండి చివరివఱకు చదివెదను. మీరును వచ్చి చదువుడు.